బరువు ఇనుము మీదే ఆనాలి

మా షాపుకి పికప్ ట్రక్కు తీసుకొచ్చి, ట్రైలర్ తగిలించుకోడానికి ఫిఫ్త్ వీల్ హిచ్ బిగించమని అడిగేవాళ్లు మొదట చెప్పేది బండి ఎంత లాగుతుందో. "15,000 పౌన్లు లాగుతుందన్నారండీ. 12,000 పౌన్ల ట్రైలర్ చూసుకున్నాం. ఏ హిచ్ మంచిది?" అంటారు. ఆ లాగుడు అంకె నేను రాసుకోను. డ్రైవర్ వైపు తలుపు తీస్తే, తలుపు ఆనే చోట పసుపు పట్టీ ఉన్న స్టిక్కర్ ఒకటి ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌన్లు దాటకూడదని దాని మీద అచ్చేసి ఉంటుంది. ముందు అది చదువుతాను. తర్వాత వెనక తలుపు దించి, తొట్టిలోకి ఎక్కి, కాలి కింద ఏముందో చూస్తాను. ఉత్త రేకా, స్ప్రే చేసిన పూతా, ప్లాస్టిక్ తొడుగా, రబ్బరు చాపా? ఈ రెండూ చూడకుండా హిచ్ గురించి మాట మొదలుపెట్టను.

నేనుండేది టెక్సస్‌లో, డల్లస్‌కి ఉత్తరాన. మా షాపులో ముందు భాగం హిచ్‌లది, వెనక గది తొట్టిని కాపాడే లైనర్ స్ప్రే చేసేది. కొలతలు తీసేది నేను, బిగింపు అయ్యాక బండి కింద దూరి ప్రతి బోల్టూ చూసి సంతకం పెట్టేదీ నేనే. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవాడు. చాసీ మీద చెక్క ప్యాకింగ్ పరిచి, దాని మీద బాడీ ఎక్కించి, యూ బోల్టులతో బిగించడం చూస్తూ పెరిగాను. కొత్త బాడీ కట్టించుకున్న ప్రతి ఓనరుకీ ఆయన ఒకటే చెప్పేవాడు: మొదటి లోడు దించాక బండి మళ్లీ షెడ్డుకి తీసుకురా, యూ బోల్టులు తిరిగి బిగించాలి. చెక్క అణుగుతుంది, అణిగితే బోల్టు వదులవుతుంది. ఇక్కడ ప్లాస్టిక్ లైనర్ల గురించి రోజూ నేను చెప్పేది అదే సంగతి.

జనం హిచ్‌నీ లైనర్‌నీ రెండు వేరు వేరు కొనుగోళ్లుగా చూస్తారు. బండి కొన్న రోజునే డీలరు దగ్గర లైనర్ వేయించేస్తారు. ఏడాది రెండేళ్లు పోయాక ట్రైలర్ మీద మనసు పుడుతుంది, అప్పుడు హిచ్ కోసం వస్తారు. నా దృష్టిలో రెండూ ఒకే నిర్ణయం. హిచ్ కాళ్లు ఆనేది తొట్టి నేల మీద, లైనర్ కప్పేదీ ఆ నేలనే. ఒకటి తప్పుగా ఎంచుకుంటే రెండోదాన్ని కోయాలి, లేదా పీకి పారేయాలి.

హిచ్ సంగతి ముందు చెబుతాను. చిన్న ట్రైలర్లని బండి వెనక బంపర్ కింద ఉండే గొట్టానికి, ఉండ తగిలించి లాగుతారు. అప్పుడు ట్రైలర్ ముక్కు బరువు వెనక యాక్సిల్‌కి ఇంకా వెనక పడుతుంది. అందుకే ఆ పద్ధతిలో మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం మాత్రమే ముక్కు మీద ఉంచుతారు. ఫిఫ్త్ వీల్ అలా కాదు. హిచ్ తొట్టి మధ్యలో, వెనక యాక్సిల్‌కి సరిగ్గా పైన గానీ ఒకటి రెండు అంగుళాలు ముందుకి గానీ కూర్చుంటుంది. ట్రైలర్ ముక్కు కింద 2 అంగుళాల లావు కింగ్ పిన్ వేలాడుతుంటుంది. అది హిచ్ పలక మీద గాడిలోకి జారి దవడల మధ్య పడుతుంది, దవడలు మూసుకుంటాయి. మన జాతీయ రహదారుల మీద కంటైనర్లు లాగే లారీల వెనక గ్రీజు పూసిన నల్లటి పలక చూసినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు, దాని చిన్న తమ్ముడే ఇది. విమానాలు కట్టిన గ్లెన్ కర్టిస్ 1920ల చివర్లో ఇలాంటి ఇంటి ట్రైలర్లు తయారు చేసి ఏరోకార్ అని పేరు పెట్టాడు. కారు వెనక ఒక గాలి టైరుని పడుకోబెట్టి, కుదుపు తెలియకుండా దాని మీదే ట్రైలర్ ముక్కు ఆనించాడు. ఆ బొమ్మ చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

యాక్సిల్ మీదే బరువు పడుతుంది కాబట్టి ఫిఫ్త్ వీల్ ట్రైలర్ తోక ఊపడం, గాలికి తొణకడం చాలా తక్కువ. దానికి బదులుగా బండి మోయాల్సింది పెరుగుతుంది. ట్రైలర్ మొత్తం బరువులో 15 నుంచి 25 శాతం కింగ్ పిన్ మీదే దిగుతుంది. నేను లెక్క వేసేటప్పుడు 20 శాతం పట్టుకుంటాను.

ఫ్రిస్కో నుంచి ఒక తెలుగు జంట వచ్చారు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. అబ్బాయి అమ్మానాన్నలు వేసవికి గుడివాడ నుంచి వస్తున్నారు, నలుగురూ కలిసి యెల్లోస్టోన్ వెళ్లాలని. బండి ముప్పావు టన్ను తరగతి డీజిల్, చూడ్డానికి ఏనుగులా ఉంది. స్టిక్కర్ మీద 2,400 పౌన్లని ఉంది. అంటే 1,090 కిలోలు లెక్క. ట్రైలర్ నిండుగా 12,000 పౌన్లు.

"12,000లో ఐదో వంతు ఎంత తమ్ముడూ?" అన్నాను.

"2,400."

"అక్కడికే స్టిక్కర్ అయిపోయింది. ఇంకా మీరెవరూ బండి ఎక్కలేదు."

"ఇంజిన్ అంత లాగుతుంది కదక్కా?"

"లాగుతుంది. మోసేది ఇంజిన్ కాదు. వెనక యాక్సిల్, స్ప్రింగులు, టైర్లు మోయాలి. స్టిక్కర్ వాటి మాట."

ఆ అమ్మాయి ఇంకా పదునైన ప్రశ్న వేసింది. ట్రైలర్ కాగితాల్లో పిన్ బరువు 1,900 అనే ఉంది కదండీ అంది. ఉంటుంది. అది ట్రైలర్ ఫ్యాక్టరీ గేటు దాటిన నాటి ఖాళీ బరువు. గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీలు, సామాను పెట్టే పెద్ద అర చాలా ట్రైలర్లలో ముక్కు వైపే ఉంటాయి. నీళ్లు గ్యాలన్‌కి 8 పౌన్ల పైచిలుకు. కుర్చీలు, పొయ్యి, బియ్యం బస్తా, కుక్కర్, అత్తగారి ఊరగాయ జాడీలు అన్నీ ఎక్కాక ఆ 1,900 అలా ఉండదు. అందుకే ఖాళీ బరువు కాకుండా నిండు బరువు మీద లెక్కేస్తాను. అనుమానం ఉన్నవాళ్లని సామాను సర్దుకుని హైవే పక్క ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్ మీదికి ఎక్కించమంటాను. ముందు యాక్సిల్, వెనక యాక్సిల్, ట్రైలర్ చక్రాలు, మూడింటి బరువూ విడివిడిగా కాగితం మీద వస్తుంది. నా మాట నమ్మక్కర్లేదు, ఆ కాగితం నమ్మితే చాలు.

వాళ్లతో కూర్చుని వెనక నుంచి లెక్క కట్టాం. డ్రైవర్‌తో సహా నలుగురు మనుషులు 600 పౌన్లు, హిచ్ 150. స్టిక్కర్‌లో మిగిలింది 1,650. అది ఐదో వంతు అయ్యే ట్రైలర్ 8,000 పౌన్లకి కాస్త అటూ ఇటూ. అంతకన్నా పెద్దది కావాలంటే ఒక టన్ను తరగతి బండి కొనుక్కోవాలి. 25,000 పౌన్లని రాసి ఉన్న హిచ్ బిగించినంత మాత్రాన బండి బలం పెరగదు. వెనక స్ప్రింగులకి గాలి తిత్తులు పెట్టిస్తే తొట్టి కిందికి వాలకుండా ఉంటుంది గానీ, స్టిక్కర్ మీద అంకె మారదు. ఇది ఒప్పుకోవడం కష్టం. అడ్వాన్సు ఇచ్చేసినవాళ్లకి మరీ కష్టం. అయినా కొండదారిలో దిగేటప్పుడు ఆ బరువంతా వెనక నెడుతుంటే బండిలో ఉండేది పెద్దవాళ్లూ పిల్లలూనే. మొహమాటానికి నేను లెక్క తగ్గించి చెప్పను.

బరువు తేలాక తొట్టి పొడవు చూస్తాను. 8 అడుగుల తొట్టి ఉంటే మామూలు కదలని హిచ్ చాలు. ఇక్కడ కుటుంబాలు కొనేవి ఎక్కువగా నాలుగు తలుపుల బళ్లు, వాటికి ఆరున్నర అడుగుల తొట్టి. ట్రైలర్ వెడల్పు 8 అడుగులు గానీ ఎనిమిదిన్నర గానీ ఉంటుంది. బండిని అడ్డంగా తిప్పినప్పుడు ట్రైలర్ ముక్కు మూల పిన్ నుంచి సగం వెడల్పు ముందుకి వస్తుంది, అంటే 48 నుంచి 51 అంగుళాలు. పొట్టి తొట్టిలో పిన్‌కీ క్యాబిన్ వెనక అద్దానికీ మధ్య అంత చోటు ఉండదు. మూల వెళ్లి అద్దాన్ని కొడుతుంది. ఈమధ్య ట్రైలర్లకి ముక్కు మూలలు లోపలికి చెక్కి చేస్తున్నారు, దాంతో కొంత తెరిపి వచ్చింది. కొంత మాత్రమే. పొట్టి తొట్టికి నేను స్లైడర్ హిచ్ చెబుతాను. రోడ్డు మీద పోయేటప్పుడు యాక్సిల్ మీదే ఉంటుంది, ఇరుకు మలుపులో వెనక్కి జరుగుతుంది. కొన్నిటికి దిగి మీట లాగాలి, కొన్ని మలుపుని బట్టి వాటంతటవే జరుగుతాయి. తనంతట జరిగే దానికి ధర బాగా ఎక్కువ, బరువూ ఎక్కువే. 200 పౌన్లు దాటిందంటే ఆ తేడా కూడా స్టిక్కర్‌లోంచే పోతుంది. చీకటి పడ్డాక, వానలో, క్యాంపు స్థలంలో వెనక్కి పెట్టే ధైర్యం ఎంత ఉందో అడిగి, దాన్ని బట్టి చెబుతాను. కొత్తవాళ్లకి తనంతట జరిగేదే మేలు. మీట లాగడం గుర్తు లేకపోతే అద్దం పోతుంది.

ఇక బిగింపు. ఇందులో మూడు దారులున్నాయి. ఈమధ్య పెద్ద పికప్‌లకి ఫ్యాక్టరీలోనే తొట్టి కింద బలమైన అడ్డ దూలం వేసి, నేలలో నాలుగు మూలలా నాలుగు గుండ్రటి సాకెట్లు ఇస్తున్నారు. పక్ అంటారు వాటిని. హిచ్ కాళ్లు అందులో దించి మీట తిప్పితే పట్టేస్తుంది. బండికి ఇవి ఉంటే రెండో మాట లేదు, అవే వాడమంటాను. లేకపోతే పాత పద్ధతి. తొట్టికి అడ్డంగా రెండు ఇనుప పట్టాలు వేసి, నేలకి బెజ్జాలు కొట్టి, కింద చాసీకి పట్టుకునే బ్రాకెట్లకి బోల్టులు దించాలి. మూడోది, గూస్‌నెక్ అనే రకం ట్రైలర్లు తగిలించే ఉండ కోసం తొట్టి కింద వేసే దూలం, నేల మధ్యలో ఒక్కటే రంధ్రం. కాన్సాస్‌లో బి అండ్ డబ్ల్యూ కంపెనీ చేసే టర్నోవర్‌బాల్ అలాంటిది. పశువుల ట్రైలర్, గడ్డి ట్రైలర్ లాగే రైతులకి అది ముందే ఉంటుంది. ఆ రంధ్రంలోకే దిగే ఫిఫ్త్ వీల్ హిచ్ కూడా దొరుకుతుంది, తీసేస్తే నేల చదునుగా మిగులుతుంది. తొట్టిని రోజూ వేరే పనికి వాడేవాళ్లకి నేను ముందు ఇదే చూపిస్తాను. కొందరు ట్రైలర్ కింగ్ పిన్‌కే పొడవాటి గొట్టం తగిలించి ఉండ మీద ఆనిస్తామంటారు. ఆ గొట్టం పొడుగయ్యే కొద్దీ ట్రైలర్ ముక్కు ఫ్రేమ్ మీద మెలి పెరుగుతుంది. ఫ్రేమ్ చేసిన కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప నేను బిగించను.

పట్టాల పని కళ్లు తెరుచుకుని చేయాల్సిన పని. బెజ్జం పై నుంచి కొడతాం, ఆ పక్కనే కింద బ్రేక్ గొట్టం, డీజిల్ ట్యాంకు, వైర్ల కట్ట ఉంటాయి. ముందు కింద దూరి చేత్తో తడిమి చూడకుండా మా షాపులో ఎవరూ డ్రిల్లు పట్టుకోరు. తొట్టి నేల గట్లు గట్లుగా ఉంటుంది కదా, గాడి మీద పట్టా వేసి బోల్టు బిగిస్తే రేకు లోపలికి నలుగుతుంది. అందుకని గాడిలో ఇనుప బిళ్లలు పెడతాం. కోసిన అంచుని ఆకురాయితో రాసి, తుప్పు పట్టకుండా రంగు పూస్తాం. ఫోర్డ్ పెద్ద పికప్‌ల తొట్టి 2017 నుంచి అల్యూమినియం. అందులో బెజ్జం కొట్టాక ఒక్క ఉక్కు తురుము మిగలకూడదు. తడి తగిలితే ఆ రెండు లోహాలూ కలిసిన చోట అల్యూమినియం తినేసుకుపోతుంది. బోల్టుని ఎంత బిగించాలో హిచ్‌తో వచ్చే కాగితంలో ఉంటుంది. టార్క్ రెంచి మీద ఆ అంకె పెట్టి బిగించాలి, చేతి అంచనా పనికిరాదు.

ఇప్పుడు లైనర్. ఈ పట్టాలకీ రేకుకీ మధ్య ఏముండాలన్నది ప్రశ్న. ఏమీ ఉండకూడదు, లేదా ఇనుములా గట్టిగా అంటుకున్న పూత ఉండాలి. మెత్తనిది ఏదీ ఉండకూడదు.

ప్లాస్టిక్ తొడుగు లైనర్ తొట్టి ఆకారంలో పోత పోసి వస్తుంది, తెచ్చి దించేస్తే అయిపోయింది. చవక. కంకర పోసినా, ఇటుకలు విసిరినా దెబ్బ అదే తింటుంది, రేకు సొట్టపోదు. ఆ ఒక్క పనికి అది మంచి వస్తువే. కానీ బరువు పడితే ప్లాస్టిక్ నెమ్మదిగా పక్కకి పారుతుంది. ఎండాకాలం టెక్సస్‌లో తొట్టి మీద చెయ్యి ఆనించలేం, ఆ వేడికి ఇంకా మెత్తబడుతుంది. దాని మీద పట్టాలు వేసి బిగిస్తే ఆ రోజు టార్క్ రెంచి సరైన అంకే చూపిస్తుంది. కొన్ని వందల మైళ్లు తిరిగాక ప్లాస్టిక్ పలచబడి, బోల్టుకీ పట్టాకీ మధ్య ఆట పుడుతుంది. హిచ్ ముందుకీ వెనక్కీ కదలడం మొదలైతే బెజ్జం గుండ్రం నుంచి కోలగా సాగుతుంది. అందుకే హిచ్ తయారీదారులు దాని మీద బిగించవద్దని చెబుతారు. లైనర్ ఉంచుకోవాలని పట్టుబట్టేవాళ్లకి పట్టాలు పడే మేర నలుచదరంగా కోసి తీసేసి, ఇనుము మీద ఇనుము ఆనేలా బిగిస్తాం. కోసిన అంచుల కింద నీళ్లు చేరతాయని కూడా ముందే చెప్పేస్తాం.

ఒక పెద్దాయన, గడ్డి వ్యాపారం చేసే రైతు, చాలా ఏళ్ల నాటి తొడుగు లైనర్ ఉన్న బండి తెచ్చారు. మంచి లైనర్, ఎక్కడా చిరగలేదు. తీసి చూస్తే కింద తడి ఇసుక. బండి అదిరినప్పుడల్లా లైనర్ ఆ ఇసుకని రేకుకి రుద్దుతూ వచ్చింది. గట్ల మీద రంగు మొత్తం పోయి, ముందు మూలల్లో తుప్పు పొలుసులుగా లేస్తోంది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. బండిని ఎంత ప్రేమగా చూసుకున్నారో పై భాగం చూస్తే తెలుస్తుంది. తుప్పు గీకి, ఒక చోట రేకు ముక్క వెల్డింగ్ చేసి, ప్రైమర్ వేసి, అప్పుడు స్ప్రే లైనర్ వేశాం. తొడుగు లైనర్ ఉన్నవాళ్లు ఏడాదికోసారైనా దాన్ని పైకెత్తి కడగాలి. ఎవరూ చెప్పరు కాబట్టి ఎవరూ చేయరు.

రబ్బరు చాప తన మీద పెట్టిన సామాను జారకుండా పట్టుకుంటుంది, మోకాళ్లకి హాయి. తివాచీ లాంటి లైనర్ ఇంకా హాయి, తొట్టిలో పడుకునేవాళ్లకి బాగుంటుంది. హిచ్ కింద రెండూ పనికిరావు. తివాచీ అయితే కింగ్ పిన్ గ్రీజు ఒక్కసారి కారితే మళ్లీ శుభ్రం కాదు. గ్రీజు గొడవ లేకుండా హిచ్ పలక మీద గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ల వేసుకోవచ్చు, పిన్‌కి తొడిగేస్తే చాలు. అది పది అంగుళాల చిన్న వస్తువు. ప్రతి హిచ్‌తో పాటు అది కూడా తీసుకోమంటాను.

ఫిఫ్త్ వీల్ పెట్టుకునేవాళ్లకి నేను చెప్పేది స్ప్రే లైనర్. రైనో, లైన్-ఎక్స్ పేర్లు ఇక్కడ అందరికీ తెలుసు. రెండు ద్రవాలు విడివిడిగా వేడెక్కి, తుపాకీ మూతి దగ్గర కలిసి, రేకు మీద పడిన కొద్ది సెకన్లలో గట్టిపడతాయి. మందం అంగుళంలో ఎనిమిదో వంతుకి అటూ ఇటూ. రేకుకి అంటుకుపోతుంది కాబట్టి కింద ఇసుకా నీళ్లూ దూరవు. పట్టా బిగిస్తే అణగదు. గరుకుగా ఉంటుంది, సామాను జారదు. దానికీ లోట్లున్నాయి. బరువైన వస్తువు పడితే సొట్ట ఆపలేదు. సామాను ఈడ్చి దించుకునేవాళ్లకి ఆ గరుకు విసుగు. ఎండకి నలుపు వెలిసి బూడిద రంగుకి వస్తుంది, పైన ఎండకి తట్టుకునే పూత వేయించుకుంటే ఆలస్యమవుతుంది. వేశాక తీయడమంటూ ఉండదు.

స్ప్రే మన్నిక తొంభై పాళ్లు ముందు చేసే రుద్దుడులో ఉంది. తొట్టి కడగాలి, నూనె మరక తుడవాలి, మెరుపు మొత్తం పోయేదాకా గరుకు కాగితంతో రుద్దాలి, అంచులకి టేపు కట్టాలి. స్ప్రే చేసే సమయం దీని ముందు చాలా తక్కువ. సామాన్ల షాపులో దొరికే డబ్బా కొనుక్కుని రోలర్‌తో ఇంట్లో పూసుకునేవాళ్లకీ అదే చెబుతాను, రుద్దడం దగ్గర బద్ధకిస్తే రెండో ఏడాదికి పెచ్చులుగా లేస్తుంది. పక్ సాకెట్లు ఉన్న బండి అయితే వాటికి బిరడాలు పెట్టాకే స్ప్రే. సాకెట్ లోపల పూత పడితే హిచ్ కాలు పూర్తిగా దిగదు, దిగనిది తిరగదు, తిరిగినట్టు కనిపించి పట్టకపోవడం ఇంకా ప్రమాదం. మధ్య రంధ్రంలోకి దిగే హిచ్‌కి అయితే పూత మందం మేర నేల పైకొచ్చినట్టే, దాని కాళ్ల బిగువు కొత్తగా సరిచేసుకోవాలి. కాబట్టి వరస ఇది: ముందు స్ప్రే, అది పూర్తిగా ఆరాక హిచ్, బెజ్జాల అంచులకి రంగు. హిచ్ ముందు బిగించి తర్వాత స్ప్రే చేయమంటే పట్టాలు నేలకి అతుక్కుపోతాయి, బోల్టు తలలు పూతలో మునిగిపోతాయి. మళ్లీ బిగువు చూడాలంటే పూత చెక్కాలి.

వెనక గదిలో స్ప్రే చేసే కుర్రాళ్ల గురించి చెప్పకుండా ఈ పని గురించి చెప్పినట్టు కాదు. ఆ ద్రవాల్లో ఒకదానిలో ఎండిఐ అనే ఐసోసయనేట్ ఉంటుంది. ఆ పొగమంచు పీల్చినవాళ్లకి ఉబ్బసం పట్టవచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఆ తర్వాత రవ్వంత తగిలినా ఊపిరి అందదు. అమెరికాలో కార్మికుల ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ 2006లో సరిగ్గా ఈ ట్రక్కు లైనర్ స్ప్రే పని గురించే హెచ్చరిక ప్రచురించింది, ప్రాణాలు పోవడం గురించి కూడా అందులో ఉంది. మా దగ్గర స్ప్రే చేసేవాడు బయటి నుంచి గాలి గొట్టం వచ్చే ముసుగు వేసుకుంటాడు, ఒంటి నిండా కప్పుకుంటాడు. గదిలో ఫ్యాన్లు ఆగేదాకా ఇంకెవరూ అడుగు పెట్టరు. ఒక్క నిమిషం చూసి వస్తాం, వీడియో తీసుకుంటాం అని కస్టమర్లు బతిమాలతారు. అద్దం ఇవతల నుంచే చూడమంటాను. ఎక్కడైనా మామూలు దుమ్ము మాస్కు పెట్టుకుని, తలుపులు బార్లా తెరిచి స్ప్రే చేస్తుంటే అక్కడ ధర ఎంత తక్కువైనా చేయించవద్దు. ఆ తగ్గింపు ఆ పనివాడి ఊపిరితిత్తుల్లోంచి వస్తోంది.

ఫ్రిస్కో జంట బండికి డీలరు వేసిన తొడుగు లైనర్ ఉంది, దాని కింద పక్ సాకెట్లూ ఉన్నాయి. ఉన్నట్టు వాళ్లకి తెలియదు. లైనర్ తీసేశాం, ఇసుక ఇంకా పెద్దగా చేరలేదు. బిరడాలు పెట్టి స్ప్రే చేశాం, తర్వాత సాకెట్లలోకి దిగే స్లైడర్ హిచ్ పెట్టాలన్నది ఆలోచన. తీరా చూస్తే స్లైడర్ బరువు 200 దాటింది, 8,000 పౌన్ల ట్రైలర్ లెక్క మించిపోతోంది. చెప్పాను. ఆ అమ్మాయే ఇంకా చిన్న ట్రైలర్ వెతికి పట్టుకుంది, 7,500 పౌన్లది, ముక్కు మూలలు చెక్కినది. 1,500 పిన్, 220 హిచ్, 600 మనుషులు. మొత్తం 2,320. స్టిక్కర్ లోపలే ఉంది గానీ తొట్టిలో ఇంకేం పెట్టడానికీ లేదు, పెట్టెలన్నీ ట్రైలర్‌లో ఇరుసుల మీదుగా సర్దుకోమన్నాను.

ట్రైలర్ తెచ్చిన రోజు తగిలించడం నేర్పాను. ట్రైలర్ ముక్కు పలక హిచ్ పలక కన్నా అరంగుళం పైచిలుకు కిందికి ఉండేలా కాళ్లు సరిచేసుకుని వెనక్కి రావాలి. అప్పుడు హిచ్ దాన్ని ఎత్తుతూ లోపలికి తీసుకుంటుంది. ముక్కు ఎత్తుగా ఉంటే పిన్ దవడల పైనే కూర్చుని, తగిలినట్టే కనిపిస్తుంది. బండి కదిలాక ట్రైలర్ జారి తొట్టి పక్క గోడల మీద పడుతుంది. మా దగ్గరికి వంగిపోయిన తొట్టి గోడలతో వచ్చే బళ్లన్నీ దాదాపు ఈ కథే చెబుతాయి. కాబట్టి తగిలించాక టార్చి వేసి దవడలు పిన్ చుట్టూ మూసుకున్నాయో లేదో కళ్లతో చూడాలి. మీటకి తాళం వేయాలి. కరెంటు ప్లగ్గు పెట్టాలి. ట్రైలర్ కాళ్లు ఇంకా నేల మీద ఉండగానే, ట్రైలర్ బ్రేకులు చేత్తో పట్టి ఉంచి, బండిని మెల్లగా ముందుకి లాగి చూడాలి. పట్టుకుంటేనే కాళ్లు ఎత్తాలి. ట్రైలర్ విడిపోతే బ్రేకులు వేసే తీగ ఒకటి ఉంటుంది, దాన్ని హిచ్‌కి కాకుండా బండికే తగిలించాలి. హిచ్చే ఊడి వచ్చిందనుకోండి, హిచ్‌కి కట్టిన తీగ దాంతోనే పోతుంది, బ్రేకు పడదు. చదును నేల మీద నిలబెట్టి తొట్టి గోడకీ ట్రైలర్ ముక్కు అడుగుకీ మధ్య టేపు పెట్టాను, 6 అంగుళాలు ఉంది. అంతకన్నా తగ్గితే గుంతలో దిగినప్పుడు రెండూ కొట్టుకుంటాయి.

ఆ అబ్బాయి నాన్నగారు దీన్నంతా చేతులు వెనక్కి కట్టుకుని చూశారు. "ఇన్ని చూడాలామ్మా ప్రతిసారీ?" అన్నారు. "ప్రతిసారీనండీ. మీరు పక్కన నిలబడి ఒక్కొక్కటీ పైకి చదవండి, మీ అబ్బాయి చేస్తాడు" అన్నాను. ఆయన కళ్లజోడు సవరించుకుని నేను రాసిచ్చిన కాగితం జేబులో పెట్టుకున్నారు.

వాళ్లు బయల్దేరే ముందు ఇంకొకటి చెప్పాను, ఇది ఎవరు వచ్చినా చెబుతాను. క్యాంపులో జనరేటర్ కోసం పెట్రోలు క్యాన్ తీసుకెళతారు. బంకులో ఆ క్యాన్‌ని తొట్టిలో ఉంచి నింపకూడదు. ప్లాస్టిక్ లైనర్ మీద క్యాన్ ఉంటే పెట్రోలు పారేటప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు నేలలోకి పోయే దారి లేక, గొట్టం మూతి దగ్గర నిప్పురవ్వ లేవచ్చు. అలా మంటలు లేచిన సంఘటనల మీద నియోష్ 1998లోనే హెచ్చరిక ఇచ్చింది. మీ లైనర్ ఏ రకమైనా సరే, క్యాన్ దించి సిమెంటు నేల మీద పెట్టి, బంకు గొట్టం మూతిని క్యాన్‌కి ఆనించి ఉంచి, నిదానంగా నింపండి. మూత బిగించాకే మళ్లీ తొట్టిలోకి ఎత్తండి.